చిరునామా లేని నడక

ముప్పై ఏళ్లు నేను నడిచిన ప్రతి నడకకీ
చివర ఒక తలుపుండేది.
తలుపుకో అంకె, అంకె కింద పేరు,
పేరుకి కాపలాగా ఒక కుక్క.
ఉత్తరాలు పంచేదాన్ని కదా,
దారి అంటే నాకు
రెండు తలుపుల మధ్య తొందర.

ఉద్యోగం అయిపోయిన మర్నాడు కూడా
కాళ్లు ఐదింటికే లేచి కూర్చున్నాయి
సంచీ ఏదీ, అంటూ.

లేలో టీచర్ పిలిచింది,
శనివారం చిత్తడి నేలకి రమ్మని.
బస్సు దిగితే చెక్క బాట, దాని కింద నాచు, నాచు కింద నీళ్లు.
మా ఎస్తోనియాలో ఈ మూల
నేలకంటే నీటిదే పైచేయి.
"గంటకి వంద అడుగులే.
మించితే జరిమానా: అందరికీ టీ పోయాలి."
ఆ రోజు మూడుసార్లు పోశాను.
ఫ్లాస్కు అడుగంటింది.

నాచు ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుందట.
లెక్కేసుకున్నాను.
మా ముత్తవ్వ కాలం నా చీలమండ దాకా.
మోకాలి లోతులో
నా భాష ఇంకా కాగితం మొహం చూడలేదు.
నడుము లోతున ఎవరున్నారో,
ఏ కేకతో ఒకర్నొకరు పిలుచుకున్నారో.

నా భుజానికి రాని పైన్ చెట్టు ఒకటి.
చంటిపిల్లాడి తల నిమిరినట్టు నిమరబోయాను.
"దానికి నూట ఇరవై ఏళ్లు," అంది లేలో.
చెయ్యి వెనక్కి తీసుకుని
చలికోటు బొత్తాం పెట్టుకున్నాను.

బాట పక్కన ఎర్రటి వెంట్రుకల ఆకు,
ప్రతి వెంట్రుక కొసనా జిగట చుక్క,
చుక్కలో దోమ.
విడిపించనా, అన్నాను.
"నీ కంచం ముందుకొచ్చి ఎవరైనా ముద్ద లాక్కుంటే?" అంది విర్వె.
నలభై ఏళ్లు ఫ్యాక్టరీలో
ఒకే నక్షత్రం ముగ్గుని చేతితొడుగుల మీదకి ఎక్కించిన మనిషి.
ఇప్పుడు గళ్ల నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని
గాలికి ఊగే దూదిగడ్డిని గళ్లలోకి దించాలని చూస్తుంది.
అది ఏ గడిలోనూ కుదురుగా కూర్చోదు.
చెరిపిన చోట కాగితం చిరుగుతుంది.
ఆ చిరుగే బాగుందంటాడు హెల్దుర్.

హెల్దుర్ గడియారాలు బాగుచేసేవాడు.
చెవులు రెండూ పోయాయి.
కొంగలు వలస కట్టి అరుచుకుంటూ వెళ్తుంటే
మేమందరం పైకి చూస్తాం,
అతను మా మొహాలు చూస్తాడు.
తర్వాత మోకాళ్ల మీద కూర్చుని
అరచెయ్యి చెక్క మీద ఆనిస్తాడు.
ఎవరు వస్తున్నారో చెప్పేస్తాడు, వెనక్కి తిరక్కుండానే.
"లేలో: మడమ ముందు.
నువ్వు: ఇంకా పోస్టాఫీసే.
విర్వె: ఎడమ కాలు అర సెకను ఆలస్యం."
అర సెకను అని అతనంటే అది అర సెకనే.

అక్టోబరు రెండో శనివారం
చెక్కల మీద మంచు పొడి.
క్రాన్‌బెర్రీలు నాచు మీద
ఎవరో పూస తెగి ఏరుకోకుండా వెళ్లినట్టు.
హెల్దుర్ చెయ్యి ఆనించాడు.
చాలాసేపు తియ్యలేదు.
వేళ్లు నీలమయ్యాయి.
"అర సెకను రాలేదు," అన్నాడు.

తుంటి ఎముక. స్నానాల గదిలో జారిందట.
కూతురు లేలోకి సాయంత్రం చెప్పింది.

ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను.
ఇన్నేళ్లు లక్షల ఉత్తరాలు మోసిన చెయ్యి
ఒక్క ఉత్తరం మొదలెట్టడానికి
టీ చల్లారేదాకా తీసుకుంది.
"కొంగలు ఇరవై రెండు" అని రాశాను.
"ఇరవై మూడోది వెనకబడింది, కానీ ఎగురుతోంది."
పైన్ చెట్టు అలాగే ఉందని,
దాని కొమ్మకి మంచు ఒకవైపే పట్టిందని,
హెల్దుర్ చెయ్యి సంగతి.
చూసినవే రాశాను.
ఇంతకు ముందు చూడలేదు కనుక
రాయడానికి చాలా మిగిలింది.

ఆసుపత్రికి స్వయంగా పట్టుకెళ్లాను.
కవరు మీద చిరునామా మాత్రం రాశాను, అలవాటు పోక.
వార్డు నాలుగు, కిటికీ పక్క మంచం.
ఇంటి నుంచి అక్కడికి రెండు వేల చిల్లర అడుగులు,
అన్నీ గంటలోపే.
జరిమానా టీ
విర్వె మంచం పక్కనే పోశాను.
ఆమె కవరు చింపకుండా
వెనక్కి తిప్పి,
పెన్సిలుందా, అంది.